సున్నపు గోడకు కిటికీ

ఓడ ఇంకా మద్రాసు రేవుకే రాలేదు. అది వచ్చేది ఆగస్టులో, ఇప్పుడు ఏప్రిల్. అయినా జీవానందం మాస్టారు ఓడెక్కేశాడు. ఆయన ఎక్కాడంటే ఊరంతా ఎక్కినట్టే. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఎక్కడ పుట్టిందో తెలియదు కానీ, పుట్టవలసింది మాత్రం ఈ ఊళ్ళోనే.

అసలు టిక్కెట్లు మగ్దలీనమ్మవి. ఈ మాట ముందే చెప్పిపెట్టడం మంచిది, ఎందుకంటే ఇంకాసేపటికి ఊళ్ళో ఎవరికీ గుర్తుండదు. మగ్దలీనమ్మ జీవానందం మాస్టారి భార్య. విడవలూరుకు తూర్పున, సముద్రానికి కూతవేటు దూరంలో మిషన్ బంగళా ఒకటి ఉండేది. అందులో ఉన్న డాక్టరు దొరసానికి ముప్పై ఒక్కేళ్ళు వంట చేసిపెట్టింది మగ్దలీనమ్మ. దొరసాని ముసలిదై తన దేశం వెళ్ళిపోయింది. వెళ్ళి మరిచిపోలేదు. రెండేళ్ళ తరువాత, అంటే 1961లో, ఒక ఉత్తరమూ, రంగుబొమ్మల పుస్తకమూ, ఒక ఫారమూ పంపింది. మద్రాసులో ఎక్కించుకుని కొలంబో, పినాంగు, సింగపూరు చూపించి మళ్ళీ మద్రాసులో దించే విలాస ఓడలో ఇద్దరికి ప్రయాణం. టిక్కెట్లకు కట్టవలసిందంతా దొరసానే కట్టేసింది. గది మాత్రం మగ్దలీనమ్మ ఎంచుకుని, ఫారంలో గుర్తు పెట్టి, సంతకం చేసి పంపాలి.

ఉత్తరం చదివింది మాస్టారు. మిషన్ బడిలో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి హెడ్మాస్టరుగా దిగిపోయిన మనిషి. వరండాలో నిలబడి ఇంగ్లీషులో ఒక వాక్యం, తెలుగులో ఒక వాక్యం చొప్పున ప్రసంగంలాగా వినిపించాడు.

"మనకేది మంచిదో బాగా ఆలోచించి ఎంచుకోమంటుండాది దొరసాని," అన్నాడు.

మగ్దలీనమ్మకు ఇంగ్లీషు రాదు. డబ్బాల మీద అక్షరాలు కూడబలుక్కోగలదు, భోజనం బల్ల దగ్గర మాటలు నాలుగు తెలుసు. మాస్టారు చదివిన ఇంగ్లీషు వాక్యంలో "యు లైక్" అన్న రెండు మాటలు వినబడ్డాయి. ఆ రెండూ ఆమెకు బాగా ఎరుక. బంగళాకు వచ్చిన ప్రతి చుట్టాన్నీ దొరసాని ఆ మాటతోనే పలకరించేది. నీకు టీ ఇష్టమా, కాఫీ ఇష్టమా? గుడ్డు ఇష్టమా, చేప ఇష్టమా? వాళ్ళు ఏది ఇష్టమంటే అది వండి తెచ్చేది మగ్దలీనమ్మ. తెచ్చిపెట్టేవాళ్ళను ఎవరు అడుగుతారు? ఇన్నేళ్ళకు ఆ రెండు మాటలూ తన పేరు మీద పోస్టులో వచ్చాయి. మాస్టారు తెలుగులోకి మోసుకొచ్చేటప్పుడు అవి దారిలో ఎక్కడో జారిపోయాయి.

ఫారంలో ఒకే ధరకు రెండు రకాల గదులున్నాయి. మొదటిది పెద్దది, పద్నాలుగడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. ఓడ నడిమధ్యన, కింది అంతస్తులో. దానికి కిటికీ లేదు. రెండోది చిన్నది, తొమ్మిదడుగులు, ఏడడుగులు. పై అంతస్తులో ఓడ అంచున. దానికి గుండ్రటి కిటికీ. రెండు గదుల బొమ్మలూ ఫారం మీద గీసి ఉన్నాయి. చిన్నగది బొమ్మలో గోడ మీద సున్నా చుట్టి ఉంది. మగ్దలీనమ్మ చూపు ఆ సున్నా దగ్గరకు వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

ఆమెకు కిటికీ కావాలి. అంతకంటే ఏమీ వద్దు. బంగళాలో సముద్రం వైపు ఏడు కిటికీలు ఉండేవి. రోజూ పొద్దున్నే ఏడింటి తలుపులూ తీసి, పరదాలు జరిపి, వెనకనున్న వంటింట్లోకి వెళ్ళిపోయేది. వంటింటికి ఉన్నది పైన పొగబొక్క ఒక్కటే. కిటికీ తెరవడం ఆమె పని, అందులోంచి చూడడం ఆమె పని కాదు. పాలు పొంగుతుంటాయి, రొట్టె మాడుతుంటుంది, నిలబడి చూసే తీరిక ఎవరికుంటుంది?

"నేనేమంటానంటే," అని మొదలుపెట్టింది.

"ఉండుమే," అన్నాడు మాస్టారు. "ఇది నోటిమాటతో తేలే యవ్వారం గాదు. కొలిచి తేల్చాల."

కొలవడానికి చోటు కావాలి. పక్కింటి రైతు చెంచురామయ్య తన కళ్ళం ఇచ్చాడు. వరి నూర్పిళ్ళు అయిపోయి కళ్ళం ఖాళీగా, అలికిన అరుగులా ఉంది. అక్కడ నిలబడితే సరుగుడు చెట్ల సర్వితోపు సందులోంచి సముద్రం నిండుగా కనిపిస్తుంది. చెంచురామయ్య పొలాలు కొలిచే గడ తెచ్చాడు. మాస్టారు దాన్ని అడుగుబద్దతో పరీక్షించి రెండంగుళాల అబద్ధం చెబుతోందని తేల్చి, తన టేపు తీశాడు. గోడలు గీయడానికి చెంచురామయ్య పెళ్ళాం పెంచలమ్మ సున్నం చట్టితో వచ్చింది. ముగ్గు వేయడంలో ఆమె చేతికి ఆ చుట్టుపక్కల సాటిలేదు.

అక్కడ చిక్కొచ్చింది. "మన సంఘంవాళ్ళు ముగ్గులో కాపరం చేస్తారా?" అని చర్చి పెద్దలు గొణిగారు. పాస్టరు సంజీవరావుగారిని పిలిపించారు. ఆయన వంగి, గీయబోయే చోటంతా చుట్టూ తిరిగి చూసి తీర్పు చెప్పాడు.

"చుక్కలుంటే ముగ్గు. చుక్కల్లేకపోతే గోడ."

చుక్క పెట్టకుండా గీత గీయడం పెంచలమ్మకు చేతకాలేదు. మూలకొక చుక్క పెట్టి, గీత లాగి, పాస్టరుగారు అటు తిరగ్గానే కాలితో చెరిపేసింది. ఆ విధంగా పెద్దగది గోడలు లేచాయి. పడమటి వైపు రెండడుగుల ఎడం వదిలి, అది తలుపన్నారు.

రోజూ సాయంత్రం నాలుగింటి నుంచి చీకటి పడేదాకా, పది రోజులు ఆ గదిలో ఉండి చూడాలని మాస్టారు నిర్ణయించాడు. రెండు నులకమంచాలు, ఒక ట్రంకుపెట్టె, ఒక కూజా లోపలికి చేరాయి. ఊళ్ళోవాళ్ళు పరామర్శకు రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళు ఎడం దగ్గర ఆగి, "టక్ టక్" అని నోటితో చప్పుడు చేసి, రమ్మంటేనే లోపలికి వచ్చేవారు. రెండోనాడు పాస్టరుగారు ప్రార్థనకని వచ్చి, ఏదో ఆలోచనలో ఉత్తరపు గోడ దాటి నేరుగా నడిచొచ్చాడు. "అయ్యో, గోడ!" అని ఊరంతా గుండె పట్టుకుంది. ఆయన నాలుక కరుచుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి, చుట్టూ తిరిగి తలుపులోంచి వచ్చాడు. పొరపాటు జరిగిందని ప్రార్థనలో కూడా ఒప్పుకున్నాడు.

చెంచురామయ్యకు వాస్తు బెంగ పట్టుకుంది.

"ఓడగదికి ఈశాన్యం ఏది ఐవారా?" అని అడిగాడు.

"ఓడ ఎటు తిరిగితే అటు మారతా ఉంటాది," అన్నాడు మాస్టారు.

చెంచురామయ్య రెండు రోజులు అన్నం సహించక తిరిగాడు. మూడోనాడు ఉపాయం తట్టింది. "ఈశాన్యంలో బరువుండగూడదు. ఓడ తిరిగినప్పుడల్లా ట్రంకుపెట్టె జరుపుకోండి, సరిపోతాది."

మాస్టారికి అలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ కళ్ళం చెంచురామయ్యది. అందుకని చెంచురామయ్య గట్టు మీద నిలబడి గుర్తొచ్చినప్పుడల్లా "ఓడ తిరిగె!" అని కేకేసేవాడు. మాస్టారు వేలెత్తి మూల చూపించేవాడు. మగ్దలీనమ్మ పెట్టె మోసేది. విలాసప్రయాణం అంటే ఇదే కాబోలు అనుకుంది. బంగళాలో అయినా ఇంత చాకిరీ లేదు.

నాలుగోనాటి సాయంత్రం పెట్టె జరిపి జరిపి మంచం మీద కూలబడింది. ఎదురుగా సర్వితోపు సందులో సముద్రం. వేటకు పోయిన పడవలు తెరచాపలతో తిరిగి వస్తున్నాయి. ఆమె కళ్ళప్పగించి చూస్తూ ఉండిపోయింది.

"ఏమే, యాడికి చూస్తుండావు?" అన్నాడు మాస్టారు.

"సముద్రం చూస్తుండా."

"ఎట్టా చూస్తావు? ఆడ గోడ ఉండాది గదా!"

మగ్దలీనమ్మ నవ్వబోయింది. ఆయన నవ్వడంలేదు. తలుపు బయట నిలబడి ఉన్న పదిమందీ కూడా నవ్వడంలేదు. "అవును, ఇనప గోడ," అన్నాడు ఎవరో. "పెద్దగదికి కిటికీ లేదాయె," అని ఇంకొకరు. అంత సముద్రం ముందర పెట్టుకుని ఆమె తల దించి కాళ్ళవైపు చూస్తూ కూర్చుంది. కోపం వచ్చింది. చిన్న కోపం కాదు, ఏడు కిటికీలంత కోపం. ఏడుపు కూడా వచ్చింది కానీ మింగేసింది.

ఆరోనాడు పక్కనే చిన్నగది గీశారు. గీసేటప్పుడు పెంచలమ్మ అడిగింది, "ఐవారా, దీనికి కిటికీ ఏడ పెట్టేది?"

"కిటికీ లెక్కలోకి రాదు. కిటికీలో పొణుకుంటామా?" అన్నాడు మాస్టారు.

దాంతో చిన్నగదికి కూడా కిటికీ లేకుండా పోయింది. మాస్టారు అందులో తలాపున ట్రంకుపెట్టె పెట్టి, అడ్డంగా మంచం వేసి పడుకుని చూశాడు. ఆయన పొడగరి. పాదాలు సున్నపు గీత దాటి జానెడు బయటికొచ్చాయి.

"కాళ్ళు ఓడ బయట ఉండాయి సారూ," అన్నాడు చెంచురామయ్య.

"సొరచేపలుంటాయి సామీ, లోపలికి తీసుకోండి!" అంది కామమ్మ. ఆమె పాలెం నుంచి రోజూ చేపల గంపతో వచ్చే ముసలామె, సముద్రం సంగతి ఆమె కంటే ఎవరికి తెలుసు? మాస్టారు చప్పున కాళ్ళు ముడుచుకున్నాడు. ముడుచుకున్నాక అది చాలా ఇరుకు గది అని రుజువైపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందర వేపచెట్టు కింద అభిప్రాయసేకరణ జరిగింది. పెద్దగది మంచిదన్నవాళ్ళు చేతులెత్తమన్నారు. నలభై మూడు చేతులు లేచాయి. చిన్నగదికి ఒక్కటి కూడా లేవలేదు. మగ్దలీనమ్మ రెండు చేతులూ అప్పుడు మజ్జిగ ముంతలు అందిస్తున్నాయి. వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు, లెక్కల మాస్టారు కూడా.

"రేపు ఫారం నింపుతా. ఎల్లుండి సంతకం పెడుదువుగాని," అన్నాడు మాస్టారు ఇంటికొచ్చి. ఆమె పలకలేదు. పలికితే ఆయన కొలతలు చెబుతాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

సోమవారం ఫారం పుచ్చుకుని మాస్టారు పాస్టరుగారింటికి వెళ్ళాడు, ఇంగ్లీషు మాట ఒకటి సరిచూసుకోవడానికి. ఆ సాయంత్రం కళ్ళంలో, పెద్దగదిలో మగ్దలీనమ్మా పెంచలమ్మా ఇద్దరే ఉన్నారు. మగ్దలీనమ్మ లేచింది. తూర్పు గోడ దగ్గరకు వెళ్ళింది. కుడికాలి బొటనవేలితో సున్నపు గీతను జానెడు మేర చెరిపేసింది.

"ఏందక్కా అది?" అంది పెంచలమ్మ.

"కిటికీ."

పెంచలమ్మ ఆ జానెడు ఎడం ముందు వంగి, రెండు చేతులూ కళ్ళకు అటూ ఇటూ అడ్డుపెట్టుకుని చూసింది. చూసి కెవ్వున కేకేసింది.

"అక్కా! సముద్రం!"

పెంచలమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. అర్ధగంటలో ఊరు కదిలొచ్చింది. తలుపు దగ్గర వరస కట్టారు. ఒక్కొక్కరే "టక్ టక్" అని లోపలికొచ్చి, వంగి, ఆ జానెడులోంచి సముద్రం చూసి, "అబ్బ!" అని బయటికి పోయేవారు. గోడ అవతల అంత సముద్రమూ బట్టబయలుగా ఉంది. అటు ఒక్కరూ చూస్తే ఒట్టు. చెంచురామయ్య చూసి, కిటికీ తూర్పుకుంది కాబట్టి శాస్త్రం ఒప్పుతుందన్నాడు. కామమ్మ గంప దించి చాలాసేపు చూసింది. పుట్టిన దగ్గరనుంచీ సముద్రంలో కాళ్ళు నానిన మనిషికి కళ్ళు చెమర్చాయి.

"ఈ సముద్రం బాగుండాది తల్లీ. మా పాలెంది ఇట్టా ఉండదు," అంది.

మగ్దలీనమ్మ మంచం మీద కూర్చుని ఒక్కొక్కరినీ రమ్మంటోంది. సంతోషంగా ఉంది. ఇన్నాళ్ళూ కిటికీ తెరిచి వెళ్ళిపోయింది. ఇప్పుడు తెరిచి, అక్కడే కూర్చుంది.

అంతలో మాస్టారు వచ్చాడు. వరసను చూశాడు, గోడను చూశాడు. ముఖం కందగడ్డ అయింది.

"ఎవురు గోడ పగలగొట్టింది?"

తలుపు దగ్గరి వరస రెండడుగులు వెనక్కి జరిగింది.

"పెద్దగది యాడుండాది? కింది అంతస్తులో! నీళ్ళకి కింద! ఆడ గోడకి బొక్కపెడితే ఏమైతాదో తెలుసునా? నీళ్ళు లోపలికొస్తాయి! అందరూ మునిగిపోతారు!"

ఎవరో ఆడమనిషి చీర కుచ్చిళ్ళు పైకెత్తుకుంది. అంతే. చూసి కూడా పోకుండా లోపలే ఉండిపోయిన ఆరుగురూ తలుపు మీద పడ్డారు. రెండడుగుల తలుపులోంచి ఆరుగురు ఒక్కసారిగా ఎలా వస్తారు? నెట్టుకున్నారు, తోసుకున్నారు, చెంచురామయ్య మోచెయ్యి గీరుకుపోయింది. చుట్టూ మూడు వైపులా ఆరుబయలు. ఒక్కడంటే ఒక్కడు గోడ తొక్కలేదు. కామమ్మ చేపల గంప నెత్తికెత్తుకుని, "నా చేపలు నీళ్ళలో పోతాయి!" అని అరుస్తూ అందరికంటే ముందు బయటపడింది.

కళ్ళం ఖాళీ అయ్యాక మాస్టారు కండువాతో చెమట తుడుచుకున్నాడు. "రేపు ఆ గోడ నేనే పూస్తా," అన్నాడు. మగ్దలీనమ్మ కూజా తీసుకుని తలుపులోంచి బయటికి నడిచింది.

మంగళవారం పొద్దున మాస్టారు స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె బల్ల మీది ఫారం తీసింది. పేరూ ఊరూ ఆయన నింపేశాడు. గది దగ్గర గుర్తు ఇంకా పెట్టలేదు, సంతకం ముందు అందరి ఎదుటా పెడదామని ఉంచినట్టున్నాడు. ఆమె కలం తీసుకుంది. సున్నా ఉన్న బొమ్మ పక్కన గుర్తు పెట్టింది. కింద తెలుగులో, బడిపిల్లలాగా ఒక్కొక్క అక్షరమే దిద్దుతూ, మగ్దలీనమ్మ అని రాసింది. దొరసాని అడ్రసు రాసి పంపిన కవరులో పెట్టి, నాలుగు మైళ్ళు నడిచి, విడవలూరు పోస్టాఫీసులో స్టాంపులు కొని అంటించి వేసింది. వేసి, కవరు అడుక్కి పడిన చప్పుడు వినబడేదాకా అక్కడే నిలబడింది.

తిరిగొచ్చేటప్పుడు భయం పట్టుకుంది. ముప్పై ఏళ్ళ పైబడిన కాపురంలో ఆయనకు చెప్పకుండా ఒక్క పని చేసిన మనిషి కాదు. దారి పొడుగునా ఆయన అనబోయే మాటలు తానే అనుకుంటూ, తానే జవాబులు చెప్పుకుంటూ నడిచింది. ఎండ తగ్గేవేళకు ఊళ్ళోకి వచ్చింది. ఇంట్లో మాస్టారు లేడు. కళ్ళం వైపు వెళ్ళింది.

మాస్టారు పెద్దగదిలో ఉన్నాడు. పక్కన సున్నం చట్టి, అందులో కుంచె. గోడ పూయడానికే వచ్చాడు, పూయలేదు. అంత పొడగరి మనిషి తూర్పు గోడ ముందు గొంతుక్కూర్చుని, మెడ వంచి, జానెడు ఎడంలోంచి చూస్తున్నాడు. చట్టిలో సున్నం పైన అట్టకట్టి ఉంది. ఎంతసేపటినుంచి కూర్చున్నాడో!

మగ్దలీనమ్మ ఎడం దగ్గర ఆగింది. "టక్ టక్," అంది.

"రా," అన్నాడు, అటే చూస్తూ.

ఆమె లోపలికి వచ్చి మంచం అంచున కూర్చుంది.

"బళ్ళో కిటికీ పక్కన కూసున్న పిలకాయలు బయటికి చూస్తా ఉంటే కొట్టేవాణ్ణి," అన్నాడు మాస్టారు. "ముప్పై నాలుగేళ్ళు కొట్టినా. వాళ్ళు ఏం చూస్తుండారో ఒక్కనాడు గూడా నేను చూడలేదు."

ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచి, ఆమె వైపు తిరిగాడు. ఏదో అడగాలని ఉంది, అలవాటు లేని మాట. రెండుసార్లు దగ్గాడు.

"ఏమే, నీకేది ఇష్టం?" అన్నాడు.

మగ్దలీనమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి మింగలేదు.

"నాకు కిటికీ ఇష్టం. గది ఎంత చిన్నదైనా సరే," అంది.

"సరే అయితే. చిన్నగదే రాద్దాం. నా కాళ్ళు ముడుచుకుంటాలే." ఆయన జేబులో కలం కోసం తడుముకున్నాడు. "ఫారం యాడుండాది? బల్ల మీద కనబళ్ళేదు."

"పోస్టులో ఏసొచ్చినా."

మాస్టారు చెయ్యి జేబులోనే ఆగిపోయింది. "ఏ గదికి పెట్టినావు?"

"చిన్నదానికే."

"మరి నేనడుగుతా ఉంటే ముందే చెప్పగూడదా?"

"ఎట్టా చెప్పేది? ఇన్నేళ్ళకి అడుగుతుండారు గదా," అంది మగ్దలీనమ్మ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "పూర్తిగా ఇందామని."

మాస్టారు సున్నం చట్టి చేతికి తీసుకున్నాడు. ఇద్దరూ తలుపులోంచే బయటికి వచ్చారు. నాలుగడుగులు వేశాక ఆయన ఆగి, వెనక్కి వెళ్ళి, ఆ రెండడుగుల ఎడానికి అడ్డంగా సున్నంతో ఒక గీత గీసి తలుపు మూశాడు. తూర్పు గోడ జోలికి పోలేదు.